రంగం నుండి నడిచివచ్చినవారు

ఉద్దేశం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మాదేశంలోని తెలుగు కూలీలు ఉపాధిని, కూడబెట్టుకొన్న సొమ్మును, పలువురు ప్రాణాలను సైతం కోల్పోయి 1942లో స్వదేశానికి తరలివచ్చారు. ఆయుధం పట్టని సామాన్యుల బ్రతుకును యుద్ధం ఏ విధంగా ఛిన్నాభిన్నం చేస్తుందో ఈ వృత్తాంతం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన ప్రాచీన యుద్ధకావ్యాలలో సేనల లెక్క చాలా స్పష్టంగా ఉంటుంది. ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. అటువంటి అక్షౌహిణులు పద్దెనిమిది కురుక్షేత్రంలో మోహరించాయి. ఆ సేనలు నడిచిన దారిలో ఎన్ని పంటచేలు నలిగిపోయాయో, వాటిని నమ్ముకొన్న ఎన్ని కుటుంబాలు ఊరు విడిచిపోయాయో లెక్క కట్టినవారు లేరు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వం యుద్ధానంతర శోకాన్ని హృదయవిదారకంగా వర్ణించింది. అయితే అక్కడ విలపించేది గాంధారి, ఆమె కోడళ్ళు, తక్కిన రాజస్త్రీలు. కాపువాని భార్య, పడవవాని తల్లి ఆ రణభూమికి వచ్చారో లేదో కావ్యం చెప్పదు. ఆధునిక యుద్ధచరిత్రలు కూడ ఈ విషయంలో కావ్యాలకంటె ఎక్కువ ముందుకు వెళ్ళలేదు. సేనాపతుల పేర్లు, పట్టణాలు పడిపోయిన తేదీలు పుటలకొద్దీ దొరుకుతాయి. ఆ పట్టణాలలో మూటలు మోసి పొట్టపోసుకొన్నవారు ఏమయ్యారో తెలుసుకోవాలంటే ఎంతో వెతకవలసి ఉంటుంది.

ఉత్తరాంధ్ర పల్లెలలో 'రంగం' అనే మాట ఒకటి ఉంది. ఫలానావాని తాత రంగం వెళ్ళాడనీ, ఫలానా పెంకుటిల్లు రంగం డబ్బుతో లేచిందనీ పెద్దలు చెప్పుకొంటారు. బర్మాదేశపు నాటి రాజధాని రంగూను తెలుగువారి నాలుకపై మెత్తబడి రంగంగా మారింది. నేడు దానిని యాంగోన్ అంటున్నారు. రంగం పోవడమంటే కూలికోసం సముద్రం దాటడమని అర్థం. తెలుగువారు ఆ ఊరికి తమ భాషలో ఒక పేరు పెట్టుకొన్నట్లే, ఆ ఊరివారు తెలుగువారికి ఒక పేరు పెట్టారు. గోదావరి నది సముద్రంలో కలిసే చోట కోరంగి అనే రేవు ఉండేది. పడవల నిర్మాణానికి, సముద్ర వర్తకానికి అది ప్రసిద్ధి పొందింది. 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులు ఆ రేవును దెబ్బతీశాయి. ఆ రేవునుండి ఓడలెక్కి వచ్చిన తెలుగువారిని బర్మాలో 'కోరంగీలు' అని పిలిచారు. రేవు క్షీణించిన తరువాత కూడ, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవులలో ఆవిరి ఓడలెక్కినవారికి సైతం ఆ పేరే నిలిచిపోయింది. ఒక చిన్న రేవు పేరు ఒక జాతి మొత్తానికి అంటుకోవడం భాషాశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి. అయితే ఆ పిలుపులో గౌరవంకంటె చులకనే ఎక్కువగా ఉండేదని కూడ గుర్తించాలి.

బర్మాకు ఇంతమంది ఎందుకు వెళ్ళారు? దీనికి సమాధానం వరిచేలలో ఉంది. 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించుకొన్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకొన్నది. ఐరోపాకు ధాన్యం ఎగుమతి చేయడం సులభమైంది. ఐరావతీ నది ముఖద్వారంలోని చిత్తడి అడవులను నరికి వరిపొలాలుగా మార్చారు. కొద్ది దశాబ్దాలలోనే బర్మా ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశంగా మారింది. కోత కోయడానికి, మిల్లులలో వడ్లు దంచడానికి, బస్తాలు ఓడలకెక్కించడానికి చేతులు కావలసివచ్చాయి. బంగాళాఖాతానికి ఈవల గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలలో కరవుకాటకాలకు, అప్పులకు తాళలేక పని కోసం చూస్తున్న చేతులు లక్షల సంఖ్యలో ఉన్నాయి. ఈ రెంటినీ కలిపినది మేస్త్రీ.

మేస్త్రీ ఊరికి వచ్చి, ఓడ టిక్కెట్టుకు, ఇంటిదగ్గర వదిలివెళ్ళే కుటుంబపు ఖర్చులకు కొంత రొక్కం బయానాగా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేవరకు కూలి అతని చెప్పుచేతలలో ఉండవలసిందే. కంపెనీ ఇచ్చే కూలి మేస్త్రీ చేతిమీదుగా వచ్చేది. అతని వాటా, అతనిపైనున్న పెద్ద మేస్త్రీ వాటా పోగా మిగిలినదే కూలివాని చేతిలో పడేది. రంగూనులోని కిక్కిరిసిన కూలి బస్తీలలో ఒక్కొక్క గదిలో పదులకొద్దీ మనుషులు తలదాచుకొనేవారు. రేవులో ఓడలకు సరుకు ఎక్కించేవారు, దించేవారు, బియ్యపు మిల్లుల కూలీలు, రిక్షా లాగేవారు, వీధులు ఊడ్చేవారు, మురుగు ఎత్తేవారు, ఆసుపత్రులలో ఊడిగం చేసేవారు అధికసంఖ్యలో తెలుగువారే. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడి ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైమాటే. రంగూను నగరంలో నాలుగు లక్షల జనాభా ఉంటే సగానికి మించి భారతీయులే. తెలుగు కూలీలలో స్త్రీలు బహు తక్కువ. మగవారు రెండు మూడేళ్ళు పనిచేసి, కొంత సొమ్ముతో ఇంటికి వచ్చి, కొన్నినెలలుండి, మళ్ళీ ఓడ ఎక్కేవారు. ఊళ్ళో భార్య, ముసలి తల్లిదండ్రులు, పిల్లలు పోస్టుమాను తెచ్చే మనియార్డరు కోసం ఎదురుచూసేవారు. ఆ మనియార్డరుతోనే శిస్తు, ఆడపిల్ల పెళ్ళి, కోమటి అప్పు అన్నీ తీరాలి. ఈ కుటుంబాల బ్రతుకుతెరువుకు ఒక కొస ఊరిలో, రెండవ కొస సముద్రానికి ఆవల ఉండేదన్నమాట. నడుమ ఏ ఉపద్రవం వచ్చినా రెండు కొసలూ తెగుతాయి.

హైదరాబాదు తూర్పుదిక్కున ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల నుండి పోచారం వరకు ప్రయాణించే విద్యార్థికి ఈ పరిస్థితి కొత్తగా తోచదు. అక్కడ లేచిన బహుళ అంతస్తుల భవనాల పక్కన రేకుల షెడ్లలో కాపురముండే కూలీలలో శ్రీకాకుళం, విజయనగరం, పాలమూరు ప్రాంతాలవారు, ఒడిశా, బీహారు రాష్ట్రాలవారు కనిపిస్తారు. మేస్త్రీ అన్న మాట కూడ నేటికీ వాడుకలోనే ఉంది. తేడా ఏమంటే, నాటి కూలీ పరాయి ప్రభుత్వం కింద, పరాయి ప్రజల మధ్య ఉన్నాడు.

ఆ ప్రజల మనస్సులలో అసంతృప్తి పెరుగుతూ ఉండింది. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యంలో వడ్ల ధర పడిపోయి బర్మా రైతులు భూములు పోగొట్టుకొన్నారు. ఆ భూములు చాలావరకు అప్పులిచ్చిన తమిళదేశపు చెట్టియార్ల వశమయ్యాయి. భూమి పోయిన రైతు పని వెతుక్కొంటూ నగరానికి వస్తే, రేవులో పని తెలుగు కూలీల చేతిలో ఉంది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు సమ్మెను విరగ్గొట్టడానికి బర్మావారిని పనిలో పెట్టుకొన్నారు. కొన్నాళ్ళకు రాజీ కుదిరింది. మే 26న తెలుగువారు తిరిగి పనికి రాగా, బర్మావారికి ఇక పనిలేదని చెప్పి పంపివేశారు. అదే రోజున దొమ్మీ మొదలైంది. నాలుగైదు రోజులపాటు సాగిన ఆ అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. వేలమంది పిచ్చాసుపత్రి పాత ఆవరణలో, ఇతర ఆశ్రయాలలో తలదాచుకొన్నారు. ఇరుపక్షాల పేదలను పోటీకి నిలిపి తక్కువ కూలికి పని చేయించుకొన్న యజమానులకు ఈ అల్లర్లలో వీసమెత్తు గాయం కాలేదు. ఆ తరువాత 1937లో బర్మాను భారతదేశం నుండి విడదీశారు. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. 1941లో వలసలను కట్టుదిట్టం చేస్తూ రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నాయి. ఇంతలో యుద్ధమే వచ్చిపడింది.

1941 డిసెంబరు 23వ తేదీ పగటివేళ జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. విమానదాడి అంటే ఏమిటో అంతవరకు ఎరుగని జనం వీధులలోకి వచ్చి తలలెత్తి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ ఒక్కరోజున రెండు వేల మంది వరకు మరణించినట్లు అంచనా. రెండు రోజుల తరువాత, క్రిస్మస్ నాడు, మళ్ళీ దాడి జరిగింది. దాడికి ముఖ్య లక్ష్యాలలో రేవు ఒకటి. కూలి బస్తీలు ఆ దాపునే ఉండేవి. ఆ రాత్రి నుండే జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకొని ఉత్తరంగా ప్రోమ్ పట్టణానికి పోయే బాటపట్టారు.

ఆ తరువాత జరిగినది శ్రద్ధగా గమనించదగినది. కూలీలు వెళ్ళిపోగానే రేవులో ఓడలనుండి సరుకు దించేవారు లేకపోయారు. యుద్ధసామగ్రితో వచ్చిన ఓడలు నదిలో నిలిచిపోయాయి. వీధులు ఊడ్చేవారు లేరు. ఆసుపత్రులలో రోగులను చూచుకొనేవారు లేరు. పాయిఖానాలు ఎత్తేవారు లేరు. అంతవరకు ఎవరూ పేరు పెట్టి పిలవని ఈ మనుషుల మీదనే నగరం నిలిచి ఉన్నదని పాలకులకు వారం రోజులలో తెలిసివచ్చింది. అందుచేత వారిని వెళ్ళనీయకుండా ఆపడానికి ప్రయత్నాలు మొదలయ్యాయి. ప్రోమ్ దారిలో పోతున్నవారిని నచ్చచెప్పి, నది దాటనీయక అడ్డగించి, చాలామందిని వెనుకకు మళ్ళించారు. నగరం వెలుపల వారికి శిబిరాలు ఏర్పాటు చేసి పనిలోకి తెచ్చారు. ఓడలలో చోటు పైతరగతి టిక్కెట్టు కొనగలిగినవారికి దక్కింది. డబ్బున్నవారి కుటుంబాలు కలకత్తాకు, మద్రాసుకు చేరుకొన్నాయి. కండబలం ఉన్న కూలీ మాత్రం అవసరమైన సరుకువలె అక్కడే ఉండిపోవలసి వచ్చింది. అతని ప్రాణానికి అపాయం ఉన్నదని తెలిసి కూడ, అతని పని అవసరం గనుక అతనిని ఆపారు. పని అవసరం తీరిన రోజున అతని ప్రయాణానికి ఏ ఏర్పాటూ చేయలేదు.

1942 ఫిబ్రవరి చివరకు నగరం ఖాళీ చేయమని ఉత్తరువు వెలువడింది. చెరసాలల తలుపులు, పిచ్చాసుపత్రి తలుపులు తెరిచివేశారు. మార్చి 8న జపాను సేనలు రంగూనులో ప్రవేశించాయి. సముద్రమార్గం మూసుకొనిపోయింది. ఇక మిగిలినవి మూడు కొండదారులు.

మొదటిది ప్రోమ్ వద్ద ఐరావతిని దాటి, అరకాన్ పర్వతాల మీదుగా టౌంగుప్ అనే తీరగ్రామానికి చేరే దారి. నూరు మైళ్ళకు పైబడిన నడక. ఎండాకాలం. కొండలపై నీరు దొరకదు. దొరికిన చోట వేలమంది దిగి అదే నీటిని తాగవలసిందే. కలరా వ్యాపించింది. రేవులో రెండు మణుగుల బస్తా అవలీలగా మోసినవాడు బాట పక్కన నీళ్ళ చెంబు ఎత్తలేక పడిపోయాడు. దారిలో దోపిళ్ళు జరిగాయి. తీరానికి చేరినవారు పడవలలో అక్యాబ్ పట్టణానికి, అక్కడినుండి చిట్టగాంగుకు వచ్చారు. తెలుగు కూలీలలో ఎక్కువమంది ఈ దారినే నమ్ముకొన్నారు. రంగూనుకు ఇదే దగ్గర. 

రెండవ దారి ఎగువ బర్మాలోని మాండలే నుండి చింద్విన్ నది మీదుగా టమూ, పాలెల్ గ్రామాలు దాటి మణిపూరులోని ఇంఫాలుకు చేరుతుంది. ఏప్రిల్ 3న మాండలేపై బాంబులు పడి నగరంలో పెద్దభాగం తగలబడింది. దానితో ఈ దారిపై ఒత్తిడి మరింత పెరిగింది. ఈ మార్గంలో తెల్లవారికి ఒక బాట, భారతీయులకు ఒక బాట కేటాయించారనీ, వాహనాలు, వసతులు, తాగునీరు మొదటి బాటలోనే ఉన్నాయనీ తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. ప్రజలు వాటికి 'తెల్లబాట', 'నల్లబాట' అని పేర్లు పెట్టారు. 1942 ఏప్రిల్ చివర, మే మొదట అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం ఈ వివక్షను ఖండిస్తూ తీర్మానం చేసింది. కొన్ని నెలల తరువాత దేశమంతటా వినిపించిన 'క్విట్ ఇండియా' నినాదానికి ప్రజలలో లభించిన స్పందనకు, అస్సాం, బెంగాలు రైల్వేస్టేషన్లలో దిగిన ఈ నడకయాత్రికుల రూపం కొంత కారణమని చెప్పవచ్చు. సామ్రాజ్యం తన ప్రజలను కాపాడుతుందన్న నమ్మకం వారిని చూచినవారిలో మిగలలేదు.

మూడవది అన్నిటికంటె ఘోరమైనది. మే 8న మిచ్చినా పట్టణం జపానువారి వశం కాగా, అక్కడివరకు వచ్చి చిక్కుబడినవారు హుకాంగ్ లోయగుండా పాంగ్సావ్ కనుమ దాటి అస్సాంలోని లేడోకు నడిచారు. రెండు వందల మైళ్ళకు మించిన దారి. అంతా దట్టమైన అడవి. మే నెల మధ్యలో వర్షాలు పట్టుకొన్నాయి. బాట మోకాలిలోతు బురదగా మారింది. వాగులు పొంగాయి. జలగలు, మలేరియా, విరేచనాలు, ఆకలి. అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం తమ కూలీల సాయంతో దారిలో శిబిరాలు నిర్మించి అన్నం, మందులు అందించింది. ఆ కూలీలలోను మధ్యభారతం, ఒడిశా, ఆంధ్ర ప్రాంతాల నుండి పూర్వమే వలసపోయినవారి సంతతి ఉన్నది. ఒక వలస కూలీ మరొక వలస కూలీకి గంజి పోసి నిలబెట్టిన ఘట్టమిది.

ఈ మూడు దారులలోను, సముద్రమార్గంలోను కలిపి నాలుగైదు లక్షలమంది భారతదేశానికి చేరుకొన్నారని చరిత్రకారులు అంచనా వేశారు. దారిలో మరణించినవారు కనీసం పదివేలమంది అని కొందరు, యాభైవేలని కొందరు, అంతకు మించి ఉండవచ్చునని మరికొందరు రాశారు. ఒక అంచనాకు, మరొక అంచనాకు నడుమ నలభైవేల ప్రాణాల తేడా ఉన్నదంటే, ఆ బాటలో ఎవరూ లెక్క పెట్టలేదనే అర్థం. అక్షౌహిణి లెక్క మాత్రం ఇరవై శతాబ్దాలుగా తప్పలేదు!

చిట్టగాంగు నుండి, అస్సాం నుండి కలకత్తాకు వచ్చినవారికి అక్కడి సేవాసంఘాలు అన్నవస్త్రాలిచ్చి రైలెక్కించాయి. వారు బరంపురం, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, వాల్తేరు స్టేషన్లలో దిగసాగారు. సరిగా ఆ రోజులలోనే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. మరణాలు కొద్దిగానే సంభవించినా భయం కొండంత వ్యాపించింది. తీరప్రాంతపు జనం పట్టణాలు వదలి లోపలి గ్రామాలకు పారిపోయారు. రంగూను బాంబులకు భయపడి ఇంటికి బయలుదేరినవానికి, ఇల్లు చేరేసరికి ఇంటిమీదనే బాంబులు పడుతున్నాయన్న వార్త ఎదురైంది. బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకుల ఓడలు ఆ రెండు రోజులలోనే మునిగిపోయాయి. రేవులన్నీ మూగబోయాయి.

ఇంటికి చేరినంతమాత్రాన కష్టాలు తీరలేదు. నిజానికి ఉపాధి విధ్వంసం అనేది ఇక్కడే పూర్తిగా కనిపిస్తుంది. మనియార్డర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇంతవరకు డబ్బు పంపే మనిషి ఇప్పుడు తినే మనిషిగా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో భూమి లేకనే కదా అతడు సముద్రం దాటినది! ఉన్న కూలిపనికే పోటీ పెరిగి కూలిరేట్లు పడ్డాయి. అదే సమయంలో బర్మా బియ్యం రావడం నిలిచిపోయింది. యుద్ధానికి పూర్వం భారతదేశం ఏటా పది లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం దిగుమతి చేసుకొనేది. ఆ లోటు ధరలను పెంచింది. 1943లో బెంగాలును కబళించిన క్షామానికి దోహదం చేసిన కారణాలలో ఇది ఒకటి. రంగూనులో బియ్యపు బస్తాలు మోసినవాడు సొంత ఊరిలో బియ్యం కొనలేకపోయాడు. ఈ దెబ్బ కూలీలతోనే ఆగలేదు. మద్రాసు రాష్ట్రపు నేతగాళ్ళు నేసే లుంగీలకు, రుమాళ్ళకు బర్మా, మలయా దేశాలు పెద్ద విపణులు. ఆ విపణులు మూతపడడంతో, నూలు కొరత కూడ తోడై, రంగం ముఖం ఎన్నడూ చూడని చేనేత కుటుంబాల మగ్గాలు కూడ మూలపడ్డాయి.

నష్టపరిహారం మాట ఏమిటి? పెద్ద వర్తకులకు, వడ్డీవ్యాపారులకు దస్తావేజులు ఉన్నాయి. యుద్ధానంతరం వారు తమ ఆస్తుల జాబితాలు తయారుచేసి ప్రభుత్వాలను అడిగారు. వారికి దక్కినది కూడ స్వల్పమే. కూలీకి అటువంటి కాగితమేదీ లేదు. అతని బాకీ మేస్త్రీ నోటి లెక్కలో ఉంది. అతడు దాచుకొన్న నాలుగు రూపాయలు బస్తీ గదితోపాటు కాలిపోయాయి. ఏళ్ళతరబడి బస్తాలు మోసి నడుము వంగిపోయిందని రుజువు చూపి పరిహారం కోరే కచేరి ఎక్కడా లేదు. పోగొట్టుకొన్నది ఆస్తి అయితే చట్టం దృష్టికి ఆనుతుంది, పని అయితే ఆనదు.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి రంగం వెళ్ళాలని చూశారు. 1947లో బర్మా ప్రభుత్వం వలసలపై గట్టి ఆంక్షలు విధించింది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రదేశమైంది. అక్కడ మిగిలిపోయిన తెలుగువారు మరో పదిహేనేళ్ళు నెట్టుకొచ్చారు. 1962 మార్చి 2న సేనాని నే విన్ అధికారం చేజిక్కించుకొన్నాడు. తరువాతి రెండేళ్ళలో బ్యాంకులు, దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. చాట్ అక్కడి నాణెం పేరు. భారతీయులు మళ్ళీ లక్షల సంఖ్యలో బయలుదేరారు. ఈసారి అడవిదారి పట్టే అవసరం రాలేదు. భారతప్రభుత్వం ఓడలు పంపింది. అయితే ఓడ ఎక్కేముందు జరిగిన సోదాలలో ఒంటిమీది బంగారం సహితం చాలామందికి మిగలలేదు. మద్రాసులో, విశాఖపట్నంలో దిగిన ఈ కాందిశీకులలో బర్మాలోనే పుట్టి, ఆంధ్రదేశాన్ని ఎన్నడూ చూడనివారు ఎందరో ఉన్నారు. స్వదేశానికి తిరిగివచ్చినవారని ప్రభుత్వం వారికి పేరు పెట్టింది. పుట్టిన ఊరిని వదలి వచ్చినవారికి ఆ పేరు ఎంతవరకు తగినదో ఆలోచించవలసినదే. కాందిశీకుడు అనే సంస్కృతపదం 'కాం దిశం' అనే మాటలనుండి పుట్టినదని పూర్వుల వ్యుత్పత్తి. 'ఏ దిక్కుకు పోవాలి' అని భయంతో పరుగెత్తేవాడని దాని భావం. వారి స్థితికి ఈ మాటే దగ్గరగా ఉన్నది.

ఇటువంటి విపత్తు బర్మాతో ముగిసిపోలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినపుడు అక్కడ లక్షా డెబ్బైవేలకు పైగా భారతీయులు ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి, డ్రైవరు పనికి, నిర్మాణపు పనికి వెళ్ళినవారు వారిలో ఎందరో. జీతాలు ఆగిపోయి, దినార్లు విలువ కోల్పోయి, ఎడారి గుండా జోర్డాను రాజధాని అమ్మానుకు చేరి, అక్కడినుండి విమానాలలో ఇంటికి వచ్చారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేసినపుడు వైద్యవిద్య కోసం వెళ్ళిన తెలుగు విద్యార్థులు మంచులో మైళ్ళకొద్దీ నడిచి పోలండు, రుమేనియా సరిహద్దులకు చేరారు. 1942తో పోలిస్తే ఈ రెండు సందర్భాలలోను ప్రభుత్వం కదిలింది, విమానాలు వచ్చాయి. ఆ తేడా చిన్నది కాదు. అయితే గల్ఫ్‌లో రావలసిన జీతం బాకీ, ఊళ్ళో ఏజెంటుకు కట్టిన అప్పు అనే సమస్య మాత్రం మేస్త్రీ కాలంలో ఎట్లా ఉన్నదో అట్లే ఉన్నది.

విశాఖపట్నం కంచరపాలెంలో నేటికీ ఒక ప్రాంతాన్ని 'బర్మా క్యాంపు' అంటారు. క్యాంపు ఎత్తివేసి దశాబ్దాలు గడిచినా పేరు మారలేదు. చెన్నై రేవు సమీపంలోని బర్మా బజారులో సాయంకాలాలు అత్తో అనే బర్మా వంటకం అమ్ముతారు. అటు మయన్మారులోని మౌల్మెయిన్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు కొన్ని తరాలుగా వ్యవసాయం చేసుకొంటూ, రాములవారి గుళ్ళు కట్టుకొని, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించుకొంటూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారాన్ని హస్తగతం చేసుకొన్న తరువాత ఆ దేశంలో అంతర్యుద్ధం రాజుకొన్నది.

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు కూలీలు బర్మా వెళ్ళడానికి దారితీసిన పరిస్థితులను, అక్కడి వారి జీవనవిధానాన్ని వివరించండి.
2. 1942లో బర్మా నుండి భారతదేశానికి వచ్చిన మూడు కొండదారులను, వాటిలో ప్రజలు పడిన కష్టాలను వర్ణించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'కోరంగీలు' అనే పేరు ఎట్లా వచ్చింది?
2. బాంబుదాడి తరువాత రంగూను పాలకులు కూలీలను ఎందుకు ఆపడానికి ప్రయత్నించారు?
3. యుద్ధానంతరం కూలీలు నష్టపరిహారం పొందలేకపోవడానికి కారణమేమి?

ఇ) మీ ప్రాంతంలో నిర్మాణపు పనులకో, కర్మాగారాలకో వలసవచ్చిన ఒక కుటుంబంతో మాట్లాడి, వారి సొంత ఊరు, వచ్చిన దారి, ఇంటికి డబ్బు పంపే విధానం గురించి ఒక పుట రాయండి.